పాలమూరు, నల్లగొండ ప్రజాజీవితంలో క్రైస్తవ రచనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాలమూరు, నల్లగొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, సూర్యాపేట దిక్కున్న సంఘాల పిల్లలు, డిగ్రీ చదివేటోళ్లు, చరిత్ర మీద ఇష్టమున్న టీచర్లు, సంఘ పెద్దలు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలు ఇక్కడ ఒక్కకాడ పెట్టినం. కొన్ని జవాబులు పొడుగున్నయి, ఓపికగా చదవండి.

క్రైస్తవ రచనలు అంటే బైబిల్ ఒక్కటేనా?

కాదు. బైబిల్ నడుమ ఉంటది, దాని చుట్టూ ఇంకా చాలా ఉంటయి. కీర్తనలు, చిన్న పిల్లలకు నేర్పే ప్రశ్నోత్తరాల పుస్తకాలు, సంతల్ల పంచిన కరపత్రాలు, అయ్యగార్ల ప్రసంగాల నోట్సులు, మిషన్ పత్రికలు, తెల్ల మిషనరీ దొరలు వాళ్ల దేశానికి రాసిన ఉత్తరాలు, సంఘం మినిట్స్ బుక్కు, బాప్తిస్మం రిజిస్టరు, పెండ్లి రిజిస్టరు, ఆఖరికి సమాధి రాయి మీద చెక్కిన వాక్యం కూడా ఇందులకే వస్తది. మన దగ్గర చాలామంది అచ్చయిన పుస్తకాన్నే రచన అనుకుంటరు, చేతిరాతవి పక్కకు పెడ్తరు. మా లెక్కల ఈ జిల్లాల చరిత్రకు చేతిరాతవే ఎక్కువ పనికొస్తయి.

గుడిల చదువుకునే రాతలకు బయటి ప్రజాజీవితంతో ఏం పని?

ఇది అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న, అందుకే జెర వివరంగా చెప్తం.

నిజాం కాలంల ఊరి కాయితాలన్నీ పటేల్ పట్వారీ చేతుల్లనే ఉండె, ఆ కాయితాలన్నీ భూమి చుట్టూ, శిస్తు చుట్టూ తిరిగేటివి. భూమి లేనోని పేరు అందుల ఎందుకు ఎక్కుతది? దొర గడిల వెట్టి చేసే మనిషిని పిలిచిన తీరు వేరే ఉండె, ఆ పిలుపుల తండ్రి పేరు లేదు, గౌరవం లేదు. అదే మనిషి సంఘంల చేరినప్పుడు ఒక పుస్తకంల ఆయన పేరు, తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, తేదీ ఒక వరుసల రాసిన్రు. భార్యకు కూడా సొంత పేరు మీద ఒక వరుస. ఈ సంగతి మనకిప్పుడు చిన్నగ అనిపిస్తది కానీ ఆధార్ కార్డు, రేషన్ కార్డు లేని కాలంల అట్ల పేరు ఎక్కుడు ఎంత పెద్ద మాటనో ఆలోచించండి.

ఇంకోటి మినిట్స్ బుక్కు. మన దిక్కు ఎక్కువగా ఉన్నవి బాప్టిస్ట్, మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలు, వీటి పద్ధతి ఏందంటే సంఘం నిర్ణయాలు సభ్యులే కూర్చొని చేసుకోవాలె, ఒకరు ప్రతిపాదిస్తరు, ఇంకొకరు బలపరుస్తరు, చేతులెత్తుతరు, రాసుకుంటరు, సంతకం రానోళ్లు వేలిముద్ర వేస్తరు. ఆడోళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు తీసి పక్కకు పెట్టిన పిడికెడు బియ్యం ఎంత జమైంది, అమ్మితే ఎంత వచ్చింది, ఆ పైసలు ఎవని దగ్గరున్నయి అనేది కూడా లెక్క రాయాలె. ఊరి పంచాయతీల నిలబడి మాట్లాడనియ్యని మనుషులు ఇక్కడ లెక్క అడుగుడు నేర్చుకున్నరు, లెక్క చెప్పుడు నేర్చుకున్నరు. తర్వాత ఓటు, గ్రామ పంచాయతీ, ఆఫీసు దరఖాస్తు వచ్చినప్పుడు ఈ అలవాటు ఉత్తగ పోలేదని మేం గట్టిగ నమ్ముతం.

తెలుగుల మొదట అచ్చయినవి క్రైస్తవ పుస్తకాలేనా? ఎక్కడ అచ్చయినయి?

అవును, అదీ మన దేశంల కాదు, జర్మనీల హాలే అనే పట్నంల. బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ మిషనరీ మద్రాసుల ఉండి తెలుగు నేర్చుకొని బైబిల్ అనువాదం చేసిండు, కానీ దాన్ని అచ్చు వేసేందుకు ఇక్కడ తెలుగు అచ్చు అక్షరాలు లేవు. వాపస్ పోయినంక 1746, 1747ల హాలేల చిన్న చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించిండు. ఆయన చేసిన పూర్తి బైబిల్ అనువాదం మాత్రం చేతిరాతగనే మిగిలిపోయింది.

మరి మనం చదివే తెలుగు బైబిల్ ఎవరు అనువాదం చేసిన్రు?

ఒక్కరి పేరు చెప్పేది కాదు ఇది, వందేండ్లకు పైన చాలామంది చేతులు పడ్డయి. 1805ల లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చిన్రు. వాళ్లతోని ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు కూర్చొని పనిచేసిండు. ఐదారేండ్లల్లనే ఆ ఇద్దరు మిషనరీలు చనిపోయిన్రు, అయినా వాళ్లు మొదలుపెట్టిన సువార్తలు మూడు 1812ల బెంగాల్ల సెరాంపూర్‌ల అచ్చయినయి. అదే 1812ల సెరాంపూర్ ప్రెస్సు కాలిపోయింది, అక్కడి బాప్టిస్ట్ మిషనరీ విలియం కేరీ వాళ్ల తెలుగు అచ్చు అక్షరాలు, రాతప్రతులు కూడా మంటల్ల పోయినయి, మళ్లీ మొదటి నుంచి చేసుకొని 1818ల తెలుగు కొత్త నిబంధన తెచ్చిన్రు. అదే ఏడాది మద్రాసుల ప్రిచెట్ అనే మిషనరీ చేసిన కొత్త నిబంధన కూడా వచ్చింది.

ఒక్క మాట చెప్పాలె. అనువాదకుల జాబితాలల్ల తెల్ల దొరల పేర్లే ముందుంటయి, పక్కన కూర్చొని ఇది తెలుగు కాదు అయ్యా, ఇట్ల అనరు, అట్లంటరు అని చెప్పిన పండితుల పేర్లు చాలావరకు రాయలేదు. ఆనందరాయర్ పేరు దొరకుడే మన అదృష్టం.

సి.పి. బ్రౌన్ సంగతి కూడా అడుగుతరు. 1852ల వచ్చిన ఆయన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది మద్రాసుల క్రిస్టియన్ నాలెడ్జ్ సొసైటీ ప్రెస్సులనే. అంటే తెలుగు చదివేటోళ్లందరు ఇయ్యాల్టికి వాడుకునే ఆ పుస్తకానికి అక్షరాలు పేర్చింది ఒక మిషన్ ప్రెస్సు.

ఇంగ్లీషోళ్లు రాకముందు తెలుగుల క్రైస్తవ కావ్యాలు లేవా?

ఉన్నయి. 18వ శతాబ్దంలనే మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనము అనే కావ్యం రాసిండు, క్రీస్తు చరిత్ర మొత్తం మన ప్రబంధాల తీరుగ, పద్యాలల్ల. నిడిమామిళ్ల దాసయామాత్యుడు అనే ఆయన రాయించుకొని అంకితం పుచ్చుకున్నడు. క్రైస్తవం అంటే బ్రిటిష్ వాళ్లతోని వచ్చిన సరుకు అని మాట్లాడేటోళ్లు ఈ ఒక్క పుస్తకం తీసి నాలుగు పద్యాలు చదివితే చాలు.

పాలమూరు, నల్లగొండకు ఈ రాతలు ఎప్పుడు వచ్చినయి?

అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ వాళ్లు నెల్లూరు, ఒంగోలు దిక్కు పని చేసుకుంట తర్వాత నిజాం ఇలాకాకు వచ్చిన్రు. 1885ల ఎల్బర్ట్ చ్యూట్ పాలమూరుల మిషన్ మొదలుపెట్టిండు, అప్పటికింకా దానికి మహబూబ్‌నగర్ అని పేరు పెట్టలేదు, మిషన్ కాయితాలల్ల పాల్మూర్ అనే ఉంటది. 1890ల అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండకు వచ్చిండు. 1899ల అమెరికా నుంచి మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు హైదరాబాద్ వచ్చిన్రు, 1906 నుంచి నాగర్‌కర్నూల్‌ల మిషన్ నడిచింది, తర్వాత దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, శంషాబాద్. 1937ల మహబూబ్‌నగర్ మిషన్ కూడా బాప్టిస్టుల నుంచి వీళ్ల చేతికి వచ్చింది. జడ్చర్ల దవాఖాన అందరికి తెలిసిందే, అది ఆ మిషన్‌దే.

రష్యా నుంచి నల్లగొండకు మిషనరీలు వచ్చిన్రంటే నిజమేనా? ఎట్ల వచ్చిన్రు?

నిజమే. ఈ కథ మన జిల్లా పిల్లలు తప్పకుండ తెలుసుకోవాలె, ఎందుకంటే రాత ఒకటి ప్రజాజీవితాన్ని ఎట్ల కదిలిస్తదో ఇందుల ఉన్నది.

1517ల మార్టిన్ లూథర్ జర్మనీల పాపక్షమాపణ చీటీల అమ్మకం మీద 95 వాదాలు రాసిండు, 1522ల కొత్త నిబంధన జర్మన్ల అచ్చయింది. చదివినోళ్లల్ల రైతులు కూడా ఉన్నరు. 1525ల జర్మన్ రైతులు పన్నెండు డిమాండ్లు రాసి అచ్చు వేయించిన్రు, మా బోధకుణ్ని మేమే ఎన్నుకుంటం, అడవిల కట్టె కొట్టుకునే హక్కు మాకియ్యాలె, క్రీస్తు అందరినీ తన రక్తంతో విడిపించిండు కాబట్టి మమ్మల్ని ఎవరూ బానిసలుగ ఉంచుకోవద్దు అని, పక్కన బైబిల్ వచనాలు చూపించుకుంట రాసిన్రు. నల్లగొండల పుట్టి పెరిగినోళ్లకు ఈ డిమాండ్లు చదివితే వెట్టి, గడీ, దున్నేవాడికే భూమి అన్నీ ఒక్కసారి గుర్తుకొస్తయి. లూథర్ మాత్రం తిరగబడ్డ రైతుల పక్కన నిలబడలేదు, వాళ్లను అణచివేయమని రాజులకు చెప్పుకుంట చాలా కఠినంగ రాసిండు, వేల మంది రైతులు చనిపోయిన్రు. ఇది దాచేది కాదు.

ఆ రోజుల్లనే ఇంకో గుంపు లేచింది, పసిపిల్లలకు కాదు, తెలిసి నమ్మినోళ్లకే బాప్తిస్మం అని, రాజు చెప్పినంత మాత్రాన మతం కాదని, మేం కత్తి పట్టుకోం అని అన్నరు. 1527ల ష్లైట్‌హైమ్ అనే ఊర్ల కూర్చొని ఏడు అంశాలతోని ఒక ఒప్పుకోలు రాసుకున్నరు, అది రాసిన మైఖేల్ సాట్లర్‌ను అదే ఏడాది చంపేసిన్రు. వీళ్ల తోవల తర్వాత నడిచిన మెన్నో సైమన్స్ అనే డచ్చి ఆయన పేరు మీద మెన్నొనైట్లు అయిన్రు. తరిమితే తరిమిన కాడికి పోయి పోయి చివరికి రష్యా రాణి రెండో కేథరిన్ భూమి ఇస్తనంటే ఇప్పటి ఉక్రెయిన్‌ల వ్యవసాయం చేసుకుంట ఉన్నరు. అక్కడ 1860ల ఇండ్లల్ల బైబిల్ చదువుకునే గుంపుల నుంచి మెన్నొనైట్ బ్రదరెన్ సంఘం పుట్టింది. ఆ సంఘంల పుట్టిన ఫ్రీసెన్ జర్మనీల బాప్టిస్టుల దగ్గర చదువుకొని, అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ తరఫున 1889ల ఇండియాకు వచ్చి, మరుసటి ఏడాది నల్లగొండల దిగిండు.

ఇయ్యాల నల్లగొండల ఒక బోధకుడు పెద్దోళ్లను నీళ్లల్ల ముంచి బాప్తిస్మం ఇస్తుంటే దాని వెనుక 1527ల ప్రాణం మీదికి తెచ్చుకొని రాసిన ఆ కాయితం ఉన్నది. మన సంఘాలల్ల చాలామందికి ఇది ఎవరూ చెప్పలేదు, అదే బాధ.

నిజాం రాజ్యంల ఉర్దూ కదా, తెలుగుల చదువుడు రాసుడు ఎట్ల సాగింది?

1880లల్ల ఫారసీ పోయి ఉర్దూ రాజభాష అయింది, 1918ల ఉస్మానియా యూనివర్సిటీ పెడితే అదీ ఉర్దూ మీడియమే. తెలుగు చదువు ఇంటికాడ, పంతుళ్ల కాడ, కొన్ని ప్రైవేటు బడులల్ల నడిచేది. ఆ టైంల మిషన్ బడులు తెలుగుల చదువు చెప్పినయి, ఎందుకంటే వాళ్లకు కావాల్సింది పిల్లలు తెలుగు బైబిల్ చదువుడు. వాళ్ల కారణం వాళ్లదే, కానీ మాల మాదిగ పిల్లలు పలక పట్టుకున్నది చాలా ఊర్లల్ల ఆ బడులల్లనే.

ఇదే కాలంల మన దిక్కు వేరే తోవల తెలుగు లేస్తున్నది. 1922ల నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రిక తెచ్చిండు. 1926ల సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టిండు, ఆయన పాలమూరు బిడ్డ. 1931ల రెండో ఆంధ్ర మహాసభ దేవరకొండల జరిగింది, ఆ దేవరకొండల అప్పటికే మిషన్ కాంపౌండ్, బడి ఉన్నయి. తెలంగాణల కవులే లేరని ఎవరో అంటే సురవరం వారు 1934ల 354 మంది కవులతోని గోలకొండ కవుల సంచిక వేసి జవాబు చెప్పిన్రు. పాలమూరు, నల్లగొండ సంఘాలల్ల పాటలు కట్టిన బోధకులకు కూడా అసొంటి సంచిక ఒకటి కావాలె, ఎవరన్న యూనివర్సిటీ పిల్లలు తలకెత్తుకుంటే మేం చేతనైన సాయం చేస్తం.

చదువు రానోళ్లకు ఈ రచనలు ఎట్ల చేరినయి?

పాటతోని. పురుషోత్తమ చౌదరి అని 1803ల పుట్టి 1890ల చనిపోయిన కవి, పర్లాకిమిడి దిక్కు ఆయన, వంద కంటే ఎక్కువ కీర్తనలు రాసిండు. త్రాహిమాం క్రీస్తు నాథ అనే కీర్తన ఆయనదే, మన పల్లెల్ల ముసలమ్మలు పుస్తకం పట్టుకోకుండ మొత్తం పాడ్తరు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి పాట మీద రాగం, తాళం రాసి ఉంటయి. అంటే మన సంగీతం, మన ఛందస్సు లోపలికి వచ్చి కూర్చున్నయి. ఒక్క బోధకునికి చదువొస్తే ఆయన ఒక్కో చరణం చెప్పుడు, మిగతావాళ్లు తిరిగి అనుడు, అట్ల ఊరంత నేర్చుకునేది. పల్లెలకు వచ్చేసరికి కంజర, తాళాలు, జానపద బాణీలు కలిసినయి. పాట కంఠస్థం వచ్చినంక పుస్తకం తెరిస్తే తెలిసిన మాటలే కనబడ్తయి కాబట్టి అక్షరాలు జల్ది పట్టుబడ్తయి, పెద్ద వయసుల చదువు నేర్చుకున్నోళ్లు చాలామంది ఇట్లనే నేర్చుకున్నరు.

కులం గురించి ఈ రచనలల్ల ఏమన్నరు?

గట్టిగ అన్నోళ్లు ఉన్నరు. పురుషోత్తమ చౌదరి కులాచార పరీక్ష అని ఒక పుస్తకమే రాసిండు. 1850ల మద్రాసుల మిషనరీలు కూడి కులం పాటింపు సంఘంల ఉండొద్దని తీర్మానం రాసుకున్నరు. గుర్రం జాషువా గబ్బిలం గురించి కొత్తగ చెప్పేదేం లేదు, ఆయన క్రీస్తు చరిత్రకు 1964ల సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

తీర్మానాలకంటే ఊర్లల్ల జరిగింది గట్టిది. ఒంగోలు దిక్కు మాదిగలు వేదంల, అంటే క్రైస్తవంల, కలిసినంక జాతర్లకు డప్పు కొట్టం, చచ్చిన గొడ్డు తినం, ఆదివారం పనికి రాం అన్నరు, దానికి ఊరి పెద్దలు బావి కాడికి రానియ్యలేదు, కొట్టిన్రు. అయినా కరువు తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున 2222 మంది బాప్తిస్మం తీసుకున్నరు.

అయితే రాసినంత మాత్రాన కులం పోయిందా అంటే పోలేదు. మాల సంఘం, మాదిగ సంఘం అని మన దిక్కు ఇంకా వినబడ్తది, పెండ్లి సంబంధాల కాడ మరీ ఎక్కువ. దీన్ని క్రైస్తవులే అందరికంటే ముందు అడగాలె.

క్రైస్తవంల చేరితే ఎస్సీ సర్టిఫికెట్ రాదంటరు, అది ఎక్కడ రాసున్నది?

1950ల వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల మూడో పేరాల. హిందూ మతం కాకుండ వేరే మతం పాటించేటోళ్లను ఎస్సీగ లెక్కపెట్టొద్దని అందుల ఉన్నది, 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిన్రు, క్రైస్తవులను, ముస్లింలను కలపలేదు. మన రాష్ట్రంల ఎస్సీ నుంచి క్రైస్తవంలకు వచ్చినోళ్లు బీసీ సీ గ్రూపుల వస్తరు, అందుల రిజర్వేషన్ 1 శాతమే. ఒక్క పేరా కాయితం లక్షల కుటుంబాల చదువు, ఉద్యోగం, భయం అన్నిటినీ ముట్టుకున్నది. అందుకే బాప్తిస్మం రిజిస్టర్ల సంగతి వచ్చినప్పుడు జాగ్రత్తగ ఉండమని చెప్తున్నం, కింద మళ్లీ రాసినం.

రాజకీయాలల్ల మాట్లాడిన క్రైస్తవ రచయితలు మన దగ్గర ఉన్నరా?

బిషప్ వి.ఎస్. అజరయ్య. పుట్టింది తిరునెల్వేలి దిక్కు, పనిచేసింది నిజాం రాజ్యంల డోర్నకల్‌ల, 1912ల బిషప్ అయిండు, ఆంగ్లికన్ సంఘంల మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1910ల ఎడిన్‌బరోల ప్రపంచ మిషనరీల మీటింగుల నిలబడి, మీరు మా పేదోళ్లకు ఆస్తులిచ్చిన్రు, ప్రాణాలిచ్చిన్రు, మాకు ప్రేమ కూడా కావాలె, మాకు స్నేహితులను ఇయ్యండి అనే అర్థంల తెల్లవాళ్ల ముఖం మీదనే మాట్లాడిండు. ఆ ప్రసంగం అచ్చయి ప్రపంచమంతా చదివిన్రు. తర్వాత ఎన్నికలల్ల క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు ఇస్తమని ప్రభుత్వం అంటే ఆయన వద్దన్నడు, అందరితోని కలిసి ఓటెయ్యాలె అన్నడు. మతమార్పిడి మీద గాంధీజీతోని కూడా వాదం నడిచింది. ఇట్ల రెండు దిక్కులా నిలబడి రాసిన మనిషి మన పక్క జిల్లాల పనిచేసిండు, ఆయన గురించి మన సంఘాలల్ల ఏడాదికి ఒక్క ఆదివారం అన్న మాట్లాడుకోవాలె.

బయటి దేశాలల్ల ఇసొంటి ఉదాహరణలు చెప్తరా?

రెండు చెప్తం. బార్తొలొమే దె లాస్ కాసస్ అనే స్పెయిన్ క్యాథలిక్ ఫాదర్ అమెరికాల ఆదివాసులను స్పానిష్ వాళ్లు ఎట్ల చంపిన్రో 1542ల రాజుకు రాసిండు, 1552ల అచ్చయింది. ఆదివాసులను బానిసలు చేయొద్దని 1542ల చట్టాలు రావడంల ఆయన పోరాటం ఉన్నది. కానీ ఒకప్పుడు వాళ్ల బదులు ఆఫ్రికా బానిసలను తెమ్మని ఆయనే అన్నడు, తర్వాత పశ్చాత్తాపపడ్డడు.

రెండోది అమెరికాల నల్లవాళ్ల హక్కుల కోసం కొట్లాడిన పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఏప్రిల్ల బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరం. నిరసనలు ఆపండి, ఓపిక పట్టండి అని ఎనిమిది మంది తెల్ల మతపెద్దలు పేపర్ల రాస్తే, ఆ పేపరు అంచుల మీదనే జవాబు మొదలుపెట్టిండు. అన్యాయపు చట్టం చట్టమే కాదని పాతకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీన్ మాట తెచ్చిండు. పౌలు జైల్ల నుంచి సంఘాలకు రాసిన ఉత్తరాలు చదివి పెరిగిన మనిషి జైల్ల నుంచి దేశానికి ఉత్తరం రాసిండు.

ఈ రచనలల్ల తప్పులు లేవా? అన్నీ మంచివేనా?

తప్పులున్నయి, చెప్పుకోవాలె. అమెరికాల బానిసత్వాన్ని సమర్థించినోళ్లు కూడా బైబిల్ వచనాలే చూపించిన్రు. మన దగ్గరి మిషన్ రిపోర్టులల్ల మన దేవతలను, పండుగలను చులకన చేసి రాసిన మాటలు చాలా ఉన్నయి, పోచమ్మ, ఎల్లమ్మ కథల వెనుక ఉన్న బాధ, భక్తి వాళ్లకు కనబడలేదు. ఆ రిపోర్టులు చందాలిచ్చేటోళ్లు చదవాలని రాసినవి కాబట్టి విజయాలు పెద్దగ, ఇబ్బందులు చిన్నగ ఉంటయి. ఊరూరు నడిచి బోధ చేసిన స్థానిక బోధకుని పేరు చాలాసార్లు ఉండదు, ఒక నేటివ్ ప్రీచర్ అని ఉంటది అంతే. చదివేటప్పుడు ఈ ఎరుక ఉండాలె.

మరోదిక్కు పాల్ హీబర్ట్ అని, 1932ల శంషాబాద్‌ల మిషనరీల ఇంట్ల పుట్టినాయన, పెద్దయినంక మహబూబ్‌నగర్ జిల్లాల కొండూరు అనే ఊరి మీద పరిశోధన చేసి 1971ల పుస్తకం తెచ్చిండు. కులాలు, పంచాయతీలు, జాతరలు, అన్నీ ఓపికగ కూర్చొని విని రాసిండు. ముందు తరం వాళ్లు మార్చాలని చూసిన ఊరిని ఈయన అర్థం చేసుకోవాలని చూసిండు, ఆ మార్పు మాకు చాలా నచ్చుతది.

ఆడోళ్ల పాత్ర ఏంది?

చాలా పెద్దది, రాతల్ల కనబడేది మాత్రం తక్కువ. బైబిల్ స్త్రీలు అని ఉండేటోళ్లు, ఇండ్లల్లకు పోయి ఆడోళ్లకు కథ చెప్పుడు, పాట నేర్పుడు, అక్షరాలు దిద్దించుడు. మగ బోధకునికి రానియ్యని ఇండ్లల్లకు వీళ్లను రానిచ్చిన్రు. డాక్టర్ కాథరీనా షెలెన్‌బర్గ్ 1907ల వచ్చి 1945ల చనిపోయేదాక ఇక్కడనే ఉన్నది, శంషాబాద్ దవాఖానల ఎన్నో ఏండ్లు పనిచేసింది. మీ ఇంట్ల నాయనమ్మనో అమ్మమ్మనో బైబిల్ స్త్రీగ పనిచేసి ఉంటే ఆమె పేరు, ఆమె తిరిగిన ఊర్లు, పాడిన పాటలు ఇప్పుడే రాసిపెట్టండి.

తెలుగు పత్రికలు కూడా మిషన్ వాళ్లు నడిపిన్రా?

నడిపిన్రు. 1835ల వచ్చిన సత్యదూతను తెలుగుల మొదటి పత్రికగ చాలామంది చరిత్రకారులు చెప్తరు, అది క్రైస్తవ పత్రికనే. మన దిక్కు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలకు సువార్తమణి ఉండె. పాత సంచికలు ఎవరింట్ల అటుక మీద ఉన్నా చిత్తు కాయితాల కింద అమ్మకండి.

మిషనరీలు రాసిన ఉత్తరాలు ఇప్పుడు ఎక్కడ దొరుకుతయి?

మెన్నొనైట్ బ్రదరెన్‌వి అమెరికాల ఫ్రెస్నో, హిల్స్‌బోరో, కెనడాల విన్నిపెగ్ ఆర్కైవ్స్‌ల, బాప్టిస్ట్ మిషన్‌వి అట్లాంటాల ఉన్న అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీల. మెన్నొనైట్ల పాత ఉత్తరాలు చాలావరకు జర్మన్ల ఉంటయి, త్సియోన్స్‌బోటే అనే వాళ్ల జర్మన్ పత్రికల అచ్చయినయి. నల్లగొండ, నాగర్‌కర్నూల్ పల్లెల సంగతులు జర్మన్ల ఉండుడు విచిత్రంగ అనిపిస్తది, కానీ జర్మన్ నేర్చుకుంటున్న మన పిల్లలకు ఇంతకంటే మంచి పని లేదు.

వేరే మతం వాళ్లు ఇవి చదవొచ్చా?

తప్పకుండ చదవొచ్చు. చదివితే మతం మారాల్సిన పనేం లేదు.

పాత రిజిస్టర్ల తేదీలు అర్థం కావట్లేదు, 1340, 1350 అని ఉన్నయి, ఏంది?

అది ఫసలీ సంవత్సరం, నిజాం సర్కారు లెక్క. దానికి 590 కలపండి, దగ్గర దగ్గర ఇంగ్లీషు సంవత్సరం వస్తది. 1358 ఫసలీ అంటే 1948, 1949 నడుమ, పోలీస్ యాక్షన్ అయిపోయినంక వచ్చిన ఏడాది. కొన్ని కాయితాలల్ల తెలుగు అంకెలు ఉంటయి, పేర్లల్ల అరసున్నలు, పాత స్పెల్లింగులు ఉంటయి, పక్కన పెద్ద మనిషిని కూర్చోబెట్టుకొని చదవండి.

మా సంఘంల పాత పుస్తకాలు చెదలు పడ్తున్నయి, ఏం చేయాలె?

మొదలు నేల మీద నుంచి, గోడ పక్క నుంచి తీయండి. తడి ఉంటే ఎండల పెట్టకండి, నీడల, గాలి తగిలేకాడ ఆరబెట్టండి. చిరిగిన కాయితానికి సెల్లోటేప్ అంటించొద్దు, కొన్నేండ్లకు జిగురు పసుపు పారి అక్షరాలను తింటది. లామినేషన్ అసలే వద్దు, ఒక్కసారి చేస్తే మళ్లీ తీయరాదు. ఉతికిన నూలు బట్టల చుట్టి ఇనుప బీరువల పెట్టండి, రెండు మూడు నెలలకోసారి తీసి చూడండి.

ఫోన్‌తోని ఫొటోలు తీసుడు మంచిదే, ఫ్లాష్ లేకుండ, కిటికీ వెలుతురుల, అట్ట నుంచి మొదలుపెట్టి ఖాళీ పేజీలతో సహా వరుసగ తీయండి, ఖాళీ పేజీ వదిలేస్తే తర్వాత పేజీ పోయిందా, ఖాళీనా అని తెల్వదు. ఫొటోలు కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి.

బాప్తిస్మం రిజిస్టర్ ఫొటోలు మాత్రం వాట్సాప్ గ్రూపులల్ల, ఫేస్‌బుక్‌ల పెట్టకండి. పైన సర్టిఫికెట్ సంగతి చెప్పినం కదా, అందుల ఉన్నోళ్ల బిడ్డలు, మనుమలు బతికే ఉన్నరు, ఒక పేజీ బయటపడితే వాళ్లకు నష్టం కావొచ్చు. ఎవరన్న పరిశోధనకు అడిగితే సంఘం కూర్చొని మాట్లాడుకొని, తీర్మానం రాసుకొని, అప్పుడు చూపించండి, అదీ సంఘం మనిషి పక్కన ఉండంగ.